కింది బొమ్మ కోసం పై బొమ్మను కదపకండి

సంపాదకులకు నమస్కారం.

మీ కంప్యూటర్ సలహాల శీర్షికలో ఒక పాఠకుడు ‘ఒకదాని మీద ఒకటి ఉన్న బొమ్మల్లో కిందిది సెలెక్ట్ కావడం లేదు, ఏం చేయాలి?’ అని అడిగారు. ‘పై బొమ్మను పక్కకు జరిపి, కిందిది మార్చుకుని, పైదాన్ని మళ్లీ దాని చోట పెట్టండి’ అని జవాబిచ్చారు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, రేడియం స్టిక్కర్లు డిజైన్ చేసే మాలాంటివాళ్లకు ఆ జవాబు మింగుడుపడలేదు. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు, కార్డులు కూర్చే పని) నేర్పే చోట్ల కూడా చాలామంది ఇదే చెబుతుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. పైదాన్ని అంగుళం కూడా కదపకుండా కిందిదాన్ని పట్టుకునే దారి మేం వాడే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలో ఉంది.

ముందు, జరిపితే ఏమవుతుందో చెప్పుకుందాం. పక్కకు లాగిన బొమ్మ కంటి అంచనాతో మళ్లీ అదే చోటికి రాదు. స్నాప్ ఆన్‌లో ఉంటే దగ్గర్లోని గైడ్‌లైన్‌కో ఇంకో బొమ్మ అంచుకో అతుక్కుంటుంది. పేజీ మొత్తం కనిపించేలా పెట్టుకుని పనిచేసేటప్పుడు అర మిల్లీమీటరు తేడా స్క్రీన్ మీద తెలియదు. స్క్రీన్ ప్రింటింగ్‌కు వెళ్లే శుభలేఖలో ఎరుపుకు ఒక స్క్రీన్, బంగారు రంగుకు ఇంకో స్క్రీన్ తీస్తారు. గణపతి బొమ్మ మేరకు ఎరుపును ఖాళీ చేసి ఉంటే, ఆ అర మిల్లీమీటరే బొమ్మకు ఒక పక్కన తెల్లగీతగా తేలుతుంది. కార్డులన్నీ వేశాక చూసుకుంటే చేసేదేమీ ఉండదు.

‘కంట్రోల్+జెడ్ ఉంది కదా’ అంటారు. అన్‌డూ వచ్చిన వరుసలోనే వెనక్కి పోతుంది. ముందు పై బొమ్మను జరిపారు, తర్వాత కింది వలయానికి రంగు మార్చారు అనుకుందాం. జరపడాన్ని రద్దు చేయాలంటే, దానికంటే ముందు రంగు మార్పు రద్దు కావాలి. పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొందరు జరపరు, పైదాన్ని వెనక్కి పంపేస్తారు. అది ఇంకో తంటా. కోరెల్‌డ్రాలో షిఫ్ట్+పేజ్ డౌన్ నొక్కితే బొమ్మ ఆ లేయర్‌లో (బొమ్మలను విడివిడిగా ఉంచే పొరలో) అట్టడుగుకు, అంటే బ్యాక్‌గ్రౌండ్ కిందికి పోయి మాయమైపోతుంది. డిలీట్ అయిందనుకుని మళ్లీ ఒకటి తెచ్చి పెడతారు, ఫైల్లో రెండు మిగులుతాయి. ఒక్క మెట్టు దించాలంటే నొక్కాల్సింది కంట్రోల్+పేజ్ డౌన్. ఇంక్‌స్కేప్‌లో ఒక మెట్టుకు ఉత్త పేజ్ డౌన్ సరిపోతుంది, అట్టడుగుకు పంపాలంటే ఎండ్ కీ. రెండు సాఫ్ట్‌వేర్లూ వాడేవాళ్లు ఈ కీలను కలగాపులగం చేసుకోవడం రోజూ చూస్తుంటాం.

అసలు క్లిక్ ఎప్పుడూ పైదాన్నే ఎందుకు పట్టుకుంటుంది? గీసిన ప్రతి బొమ్మకూ దొంతరలో ఒక వరుస ఉంటుంది. ఎస్‌వీజీ ఫైలును (బొమ్మను అక్షరాల్లో రాసి దాచే ఫైలును) టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే ఈ వరుస అక్షరాలా కనిపిస్తుంది: ముందు రాసి ఉన్నది ముందు వేస్తారు, తర్వాత ఉన్నది దాని మీద పడుతుంది. మీరు క్లిక్ చేయగానే సాఫ్ట్‌వేర్ ఈ వరుసను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మౌస్ మొన ఏ బొమ్మ నింపిన రంగు మీదో గీత మీదో పడిందో, మొదట తగిలిన దాన్ని మీ చేతికిచ్చేసి అక్కడితో ఆగుతుంది. సగం పారదర్శకంగా ఉండి, కిందిది స్పష్టంగా కనిపిస్తున్నా క్లిక్ మాత్రం పైదానికే తగులుతుంది. తెల్లరంగు నింపి, గీత తీసేసిన దీర్ఘచతురస్రం తెల్లకాగితం మీద కంటికి ఆనదు కానీ క్లిక్కును మింగేస్తుంది. ‘నా బొమ్మ ఎంత నొక్కినా పట్టుబడటం లేదు’ అని తెచ్చే ఫైళ్లలో, ఇతరుల నుంచి తెచ్చుకున్న క్లిప్ ఆర్ట్ వెనకాలో ముందో ఇలాంటి తెల్ల పెట్టె ఒకటి తరచూ దొరుకుతుంది.

రంగు నింపని బొమ్మ కథ దీనికి తిరగబడి ఉంటుంది. ఖాళీ వలయం మధ్యలో నొక్కితే ఏమీ పట్టుబడదు, గీత మీదే నొక్కాలి. కోరెల్‌డ్రాలో ఏదీ సెలెక్ట్ చేయకుండా పిక్ టూల్ తీసుకుంటే, పైన ప్రాపర్టీ బార్‌లో ‘ట్రీట్ యాజ్ ఫిల్డ్’ అనే బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంటే ఖాళీ వలయాలను కూడా నిండినవాటిగానే లెక్కిస్తుంది. శుభలేఖ చుట్టూ ఖాళీ ఫ్రేమ్ గీసుకుని, ఈ బటన్ నొక్కి ఉన్న సంగతి మరిచిపోతే లోపల ఎక్కడ నొక్కినా ఫ్రేమే వస్తుంది. తీసేస్తే లోపలివి మామూలుగా పట్టుబడతాయి. ఇలస్ట్రేటర్‌లో దీనికి ఎదురు సెట్టింగ్ ఉంది. ప్రిఫరెన్సెస్‌లో ‘ఆబ్జెక్ట్ సెలెక్షన్ బై పాత్ ఓన్లీ’ పెట్టుకుంటే నిండిన బొమ్మ కూడా అంచు మీద నొక్కితేనే వస్తుంది. దట్టంగా అల్లుకున్న డిజైన్లకు అది ఎంతో సుఖం.

ఇక అసలు సంగతి. కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్, లిబ్రే ఆఫీస్ డ్రా, ఈ మూడింటిలోనూ ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే, ఆ చోట పైదాని కిందున్నది సెలెక్ట్ అవుతుంది. మౌస్ కదపకుండా మళ్లీ ఆల్ట్+క్లిక్ చేస్తే ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. ఇంక్‌స్కేప్‌లో అట్టడుగుకు చేరాక ఇంకోసారి నొక్కితే తిరిగి పైదానికి వస్తుంది, కాబట్టి ఒకటి దాటిపోయిందని కంగారు అక్కర్లేదు, నొక్కుతూ పోతే మళ్లీ వంతు వస్తుంది. ఇలస్ట్రేటర్‌లో కీ వేరు: అక్కడ కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేయాలి. మొదటి నొక్కు పైదాన్నే పట్టుకుంటుంది, తర్వాతి నొక్కుల నుంచి కిందికి దిగుతుంది. పని చేయకపోతే ప్రిఫరెన్సెస్‌లో సెలెక్షన్ విభాగానికి వెళ్లి ‘కంట్రోల్ క్లిక్ టు సెలెక్ట్ ఆబ్జెక్ట్స్ బిహైండ్’ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. ఇన్‌డిజైన్‌లోనూ, ఇంకా కొన్ని ప్రెస్సుల్లో బతికే ఉన్న పేజ్‌మేకర్‌లోనూ కంట్రోల్+క్లిక్కే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గోధుమరంగు బ్యాక్‌గ్రౌండ్, దాని మీద ఎర్ర వలయం, వలయం మీద ఒకే ముక్కగా ఉన్న గణపతి. గణపతి బొడ్డు దగ్గర మామూలుగా నొక్కితే గణపతి వస్తాడు. అక్కడే ఒక ఆల్ట్+క్లిక్‌కు ఎర్ర వలయం, ఇంకో ఆల్ట్+క్లిక్‌కు బ్యాక్‌గ్రౌండ్. పైదాని రంగు మారదు, కిందిది పైకి తేలదు కాబట్టి ఏది పట్టుబడిందో బొమ్మను చూసి చెప్పడం కష్టం. చూడాల్సింది స్క్రీన్ అడుగున వివరాలు చూపించే పట్టీని, అంటే స్టేటస్ బార్‌ను. కోరెల్‌డ్రా అక్కడ ‘ఎలిప్స్ ఆన్ లేయర్ 1’ అన్నట్టు బొమ్మ రకాన్నీ లేయర్‌నూ రాస్తుంది, పక్కనే దాని రంగునూ చూపిస్తుంది. ఇంక్‌స్కేప్‌లోనూ ఇలాగే. స్టేటస్ బార్ చదివే అలవాటు లేనివాళ్లకు ఆల్ట్+క్లిక్ పని చేయనట్టే అనిపిస్తుంది. నిజానికి అది పని చేసింది, వాళ్లు చూడలేదు.

ఇక్కడే ఇంకో గోతి ఉంది. కింది వలయాన్ని పట్టుకున్నారు, సరే. దాన్ని జరుపుదామని మౌస్ నొక్కి లాగితే ఇంక్‌స్కేప్‌లో మళ్లీ పైనున్న గణపతే కదులుతాడు, ఎందుకంటే లాగడం కూడా కొత్త క్లిక్‌తోనే మొదలవుతుంది. ఆల్ట్ పట్టుకుని లాగాలి. అలా లాగితే మౌస్ ఎక్కడున్నా సరే, అప్పటికే సెలెక్ట్ అయి ఉన్నదే కదులుతుంది. కోరెల్‌డ్రాలో సెలెక్ట్ అయిన బొమ్మ నడిమధ్యన కనిపించే చిన్న ఇంటూ గుర్తును పట్టుకుని లాగండి. ఎక్కడైనా పని చేసేవి బాణం కీలు. ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్+బాణం పది రెట్లు జరుపుతుంది, ఆల్ట్+బాణం స్క్రీన్ మీద ఒక్క పిక్సెల్. కచ్చితంగా కావాలంటే పైన ఎక్స్, వై పెట్టెల్లో అంకెలే కొట్టండి.

గ్రూపుల దగ్గర కీలు కొంచెం మారతాయి. పై ఉదాహరణలో గణపతిని ఒకే ముక్క అనుకున్నాం, నిజానికి మార్కెట్లో దొరికే గణపతి బొమ్మ డజన్ల కొద్దీ ముక్కల గ్రూపు. మామూలు క్లిక్ మొత్తం గ్రూపును పట్టుకుంటుంది. లోపల తొండం ఒక్కటే కావాలంటే కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్ రెండింటిలోనూ కంట్రోల్+క్లిక్. గ్రూపు లోపల ఒకదాని కింద దాక్కున్న ముక్క కావాలంటే కంట్రోల్+ఆల్ట్+క్లిక్. ఇలస్ట్రేటర్‌లో గ్రూపు మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ గ్రూపు లోపలికి దిగుతాం, మిగతాదంతా మసకబారి తాకడానికి వీల్లేకుండా ఉంటుంది, పనయ్యాక ఎస్కేప్. లిబ్రే ఆఫీస్ డ్రాలో గ్రూపులోకి దిగడానికి ఎఫ్3, బయటికి రావడానికి కంట్రోల్+ఎఫ్3. ఇన్ని ఉండగా తొండం రంగు మార్చడానికి ‘అన్‌గ్రూప్ ఆల్’ కొట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. విడిపోయిన ముక్కల్లో ఒకటి రెండు తర్వాత ఎక్కడో జారిపోతాయి, మూషికం చెవి మాత్రం పేజీ అవతల తేలుతుంది.

కోరెల్‌డ్రాలో గుండ్రటి ఫ్రేములో పవర్‌క్లిప్ చేసిన, అంటే ఫ్రేము లోపలికి చొప్పించిన వధూవరుల ఫోటోకు వేరే దారి: రైట్ క్లిక్ చేసి ‘ఎడిట్ పవర్‌క్లిప్’, సర్దాక ‘ఫినిష్’. ఫ్రేమును కదిపి లాభం లేదు.

మౌస్‌తో గురి కుదరనప్పుడు కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్‌లలో ట్యాబ్. ముందు ఎస్కేప్ నొక్కి ఏదీ సెలెక్ట్ కాకుండా చూసుకుని, ట్యాబ్ నొక్కుతూ పోతే దొంతర వరుసలో ఒక్కొక్కటే సెలెక్ట్ అవుతూ వస్తుంది. షిఫ్ట్+ట్యాబ్ వెనక్కి నడుస్తుంది. ఇంక్‌స్కేప్‌లో మొదటి ట్యాబ్ అట్టడుగుదాన్నీ, మొదటి షిఫ్ట్+ట్యాబ్ అన్నిటికన్నా పైదాన్నీ ఇస్తుంది, కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ కావాలంటే ఒక్క ట్యాబ్ చాలు. కానీ అది ఇప్పుడున్న లేయర్‌లోనే తిరుగుతుంది. వేరే లేయర్‌లోది ఎన్నిసార్లు నొక్కినా రాదు. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద పనిచేసే విద్యార్థులకు ఆల్ట్+క్లిక్ కన్నా ఇదే చేతికి లొంగుతుంది. నూట యాభై ముక్కలున్న డిజైన్లో మాత్రం ట్యాబ్ కొట్టుకుంటూ కూర్చోవడం దండగ.

చుట్టూ గీసి పట్టుకునే పద్ధతిలో కూడా తేడాలున్నాయి. కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్, డ్రాలలో చుక్కల పెట్టెలో బొమ్మ పూర్తిగా ఇమిడితేనే పట్టుబడుతుంది, ఇలస్ట్రేటర్‌లో అంచు తగిలితే చాలు. కోరెల్‌డ్రాలో ఆల్ట్ పట్టుకుని గీస్తే తగిలినవన్నీ వస్తాయి. పూర్తిగా ఇమడాలన్న నియమం మనకు మేలే చేస్తుంది: పెద్ద బ్యాక్‌గ్రౌండ్ మీద చిన్న పువ్వుల గుంపు ఉంటే, పువ్వుల చుట్టూ మాత్రమే పెట్టె గీస్తే బ్యాక్‌గ్రౌండ్ రాదు. చిక్కల్లా గీయడం మొదలుపెట్టే చోటే. బ్యాక్‌గ్రౌండ్ మీద మౌస్ నొక్కి లాగితే పెట్టె గీయడం పోయి బ్యాక్‌గ్రౌండే కదులుతుంది. ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్ పట్టుకుని లాగితే బొమ్మ మీద మొదలుపెట్టినా పెట్టే గీస్తుంది. మిగతావాటిలో బ్యాక్‌గ్రౌండ్‌ను విడి లేయర్‌లో పెట్టి ఆ లేయర్‌కు తాళం వేయండి. ఇలస్ట్రేటర్‌లో బొమ్మకే కంట్రోల్+2తో తాళం పడుతుంది, కంట్రోల్+ఆల్ట్+2తో అన్నీ తెరుచుకుంటాయి. కోరెల్‌డ్రాలో బొమ్మను ఒక్కదాన్నే లాక్ చేస్తే అది కదలదు గానీ క్లిక్కుకు మాత్రం అడ్డం పడుతూనే ఉంటుంది, అందుకే లేయర్ లాక్ అంటున్నాం. పాలిటెక్నిక్ పిల్లలు వాడే ఆటోక్యాడ్ ఈ రెండు పద్ధతులనూ గీసే దిక్కును బట్టి విడదీసింది: ఎడమ నుంచి కుడికి గీస్తే పూర్తిగా ఇమిడినవే, కుడి నుంచి ఎడమకు గీస్తే తగిలినవన్నీ.

రంగులు తీసేసి గీతలు మాత్రమే చూపించే వ్యూ ఒకటి ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్+వై, కోరెల్‌డ్రాలో వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్, ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ పట్టుకుని కీబోర్డు కుడిపక్క అంకెల్లోని 5 నొక్కుతూ పోతే ఔట్‌లైన్ వస్తుంది. ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్‌ల ఔట్‌లైన్‌లో ఏ బొమ్మా ఏ బొమ్మకూ అడ్డం రాదు, కావలసిన దాని గీత మీద నొక్కడమే. తెల్ల పెట్టెలు, పేజీ బయట మరిచిపోయిన ముక్కలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఈ వ్యూలోనే బయటపడతాయి. దీనికి దొరకనిది ఒక్కటే: అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్న జంట కాపీ. రెండు గీతలూ కలిసి ఒకటిగానే కనిపిస్తాయి.

ఈ జంట కాపీలు ఎలా పుడతాయో చెప్పాలి. కోరెల్‌డ్రాలో కీబోర్డు కుడిపక్క అంకెల దగ్గరున్న ప్లస్ కీ తగిలితే సెలెక్ట్ అయి ఉన్న బొమ్మకు అదే చోట ఇంకో కాపీ పడుతుంది. బొమ్మను లాగుతూ స్పేస్ బార్ నొక్కితే ఆ చోట ఒక కాపీ రాలుతుంది. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+డి కూడా కాపీని సరిగ్గా అదే చోట పెడుతుంది, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్+సి తర్వాత కంట్రోల్+ఎఫ్ అంతే. కావాలని చేస్తే ఇవన్నీ మంచి సౌకర్యాలే. పొరపాటున తగిలితే, నిండు రంగు బొమ్మల్లో స్క్రీన్ మీద ఏ మార్పూ ఉండదు. ఫ్లెక్సీలో సగం పారదర్శకమైన నీడ అయితే ఇంకా ముదురుగా వస్తుంది. రేడియం స్టిక్కర్ కట్టర్‌కు పంపితే బ్లేడు అదే గీత మీద రెండుసార్లు తిరిగి వెనక కాగితం దాకా కోసేస్తుంది, స్టిక్కర్ ఊడదీసేటప్పుడు చిరుగుతుంది. లేజర్ అయితే అంచు కాలుతుంది.

పసిగట్టడం తేలిక. అనుమానం ఉన్న బొమ్మ చుట్టూ పెట్టె గీసి స్టేటస్ బార్ చూడండి. కంటికి ఒకటే ఉన్నచోట ‘2 ఆబ్జెక్ట్స్ సెలెక్టెడ్’ అని వస్తే అడుగున ఇంకోటి ఉన్నట్టే. ఎస్కేప్ కొట్టి, మామూలు క్లిక్‌తో పైదాన్ని పట్టుకుని డిలీట్ చేయండి. పై కాపీకి ఏదైనా మార్పు చేసి ఉంటే అప్పుడు ఆల్ట్+క్లిక్‌తో కిందిదాన్ని పట్టుకుని తీసేయాలి. ఆటోక్యాడ్‌లో ఒకే గీత రెండుసార్లు పడితే ‘ఓవర్‌కిల్’ అనే కమాండ్ ఒక్కదెబ్బకు ఊడ్చేస్తుంది.

తెలుగు అక్షరాలతో పనిచేసేవాళ్లకు ఇది ఇంకా అవసరం, ఈ సంగతి ఇంగ్లిష్ పాఠాలు చూసి నేర్చుకునేవాళ్లకు ఎవరూ చెప్పరు. ‘అను’ ఫాంట్ల లాంటి పాత పద్ధతి ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు విడివిడి గుర్తులు. అవి అక్షరం మీదికో కిందికో వచ్చి కొంత భాగం దాని మీదే పడతాయి. టైపు చేసినప్పుడు అంతా ఒకే రంగు కాబట్టి తెలియదు. కోరెల్‌డ్రాలో కంట్రోల్+క్యూతో కర్వులు చేసి (అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి), కంట్రోల్+కెతో విడగొట్టగానే ‘శ్రీరస్తు’లో తావొత్తు ఒక ముక్క, స ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. వాటికి తెల్ల ఔట్‌లైన్ ఇస్తే ఒత్తు అక్షరాన్ని తాకినచోట అక్షరం లోపలే గీత కనపడుతుంది. రేడియంలో కోస్తే సరిగ్గా ఆ గీత వెంబడే ఒత్తు తెగి ఊడివస్తుంది. అందుకే కోతకు ముందు ఆ అక్షరం ముక్కలన్నీ కలిపి ‘వెల్డ్’ చేయాలి, అంటే అతికి ఒకే ముక్క చేయాలి. ఒక్క ముక్క సెలెక్షన్‌లోకి రాకపోయినా ఆ గీత అలాగే ఉండిపోతుంది.

సున్న దగ్గర ఇంకా విచిత్రం. సున్న అంటే బయటి వలయం, లోపలి వలయం కలిసిన ఒకే కర్వు, అందుకే మధ్యలో రంధ్రం. విడగొట్టగానే రెండూ విడి బిళ్లలైపోతాయి, రెండింటికీ ఒకే నలుపు. సున్న కాస్తా నిండు చుక్కలా మారుతుంది. లోపలి బిళ్ల పైన ఉందో కింద ఉందో కంటికి తెలియదు. చుట్టూ పెట్టె గీయండి, స్టేటస్ బార్‌లో 2 అని రాగానే కంట్రోల్+ఎల్, కంబైన్. రంధ్రం తిరిగొస్తుంది. ర, ఠ లాంటి మూసుకున్న గుండ్రాలున్న అక్షరాలకూ ఇదే చికిత్స. కానీ ఇదే కంట్రోల్+ఎల్‌ను అక్షరానికీ ఒత్తుకూ కలిపి కొట్టకండి. కంబైన్ చేస్తే ఒకదాని మీద ఒకటి పడినచోట రంధ్రం పడుతుంది, ఒత్తు అక్షరాన్ని తాకిన భాగం తెల్లబోతుంది. ఒత్తుకు వెల్డ్, సున్నకు కంబైన్. లోపలి బిళ్లను కలపకుండా మొత్తం పంక్తిని సెలెక్ట్ చేసి వెల్డ్ కొడితే లోపలిది బయటిదాంట్లో కలిసిపోయి రంధ్రం శాశ్వతంగా పోతుంది, కాబట్టి ముందు సున్నలు, తర్వాత ఒత్తులు.

పెద్ద ఫైళ్లకు అన్నిటికన్నా నమ్మకమైనది జాబితా. కోరెల్‌డ్రాలో ఆబ్జెక్ట్ మేనేజర్ (కొత్త వెర్షన్లలో ఆబ్జెక్ట్స్ అని పిలుస్తున్నారు), ఇలస్ట్రేటర్‌లో లేయర్స్ ప్యానెల్, ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎల్ నొక్కితే లేయర్ల జాబితా. 2022లో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.2 నుంచి ఆబ్జెక్టులూ లేయర్లూ ఒకే జాబితాలో కనిపిస్తాయి. పేరు మీద నొక్కితే బొమ్మ ఎంత లోతున ఉన్నా పట్టుబడుతుంది. ఇలస్ట్రేటర్‌లో మాత్రం పేరు మీద నొక్కితే చాలదు, వరుస చివరనున్న చిన్న వలయం మీద నొక్కాలి. స్లైడ్లు తయారుచేసే ఉపాధ్యాయులకు పవర్‌పాయింట్‌లో ఆల్ట్+ఎఫ్10 ఇలాంటి జాబితానే తెరుస్తుంది, కాన్వా వాడేవాళ్లకు ‘పొజిషన్’లో ‘లేయర్స్’ ఉంది. అయితే జాబితాలో అన్నీ ‘కర్వ్, కర్వ్, కర్వ్’ అనే ఉంటే ఉపయోగం తక్కువ. కనీసం బ్యాక్‌గ్రౌండ్, బోర్డర్, ఫోటో, పేర్లు అని నాలుగింటికి పేర్లు పెట్టుకోండి. పది అడుగుల ఫ్లెక్సీలో ముప్పై మంది నాయకుల ఫోటోలు పెట్టించుకుని, చివరి గంటలో ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టమనే రోజున ఆ పేర్ల విలువ తెలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా ‘ఆల్ట్ నొక్కితే పని చేయడం లేదు’ అనేవాళ్లుంటారు. కారణాలు ముఖ్యంగా రెండు. లినక్స్‌లో కొన్ని డెస్క్‌టాప్‌లు ఆల్ట్ పట్టుకుని లాగడాన్ని కిటికీని (విండోను) జరపడానికి వాడుకుంటాయి. క్లిక్ ఇంక్‌స్కేప్ దాకా చేరదు, కిటికీ మొత్తం కదులుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌లో ‘విండో మేనేజర్ ట్వీక్స్’ తెరిచి యాక్సెసిబిలిటీ ట్యాబ్‌లో కిటికీలు పట్టుకునే కీని ఆల్ట్ నుంచి సూపర్‌కు, అంటే విండోస్ గుర్తున్న కీకి మార్చండి. మిగతా డెస్క్‌టాప్‌లలోనూ విండోల సెట్టింగుల్లో ఇలాంటి మార్పే ఉంటుంది. ఆ మార్పు చేసేదాకా ట్యాబ్‌తో నెట్టుకురావచ్చు.

రెండోది విండోస్‌లో తెలుగు, ఇంగ్లిష్ కీబోర్డులు రెండూ పెట్టుకున్నవాళ్లది. అక్కడ ఎడమ ఆల్ట్+షిఫ్ట్ భాష మార్చే కీగా ఉంటుంది. ఇంక్‌స్కేప్, కోరెల్‌డ్రాలలో కింది బొమ్మను అప్పటికే ఉన్న సెలెక్షన్‌కు కలపడానికి కూడా షిఫ్ట్+ఆల్ట్+క్లిక్కే. పట్టి వదిలేసరికి కొన్నిసార్లు భాష మారిపోతుంది, ఆ తర్వాత టైపు చేస్తే ఇంగ్లిష్ చోట తెలుగు పడుతుంది. సెట్టింగ్స్‌లో టైపింగ్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరిచి, కీ సీక్వెన్స్‌ను ‘నాట్ అసైన్డ్’ చేసేయండి. భాష మార్చుకోవడానికి విండోస్ కీ+స్పేస్ ఎలాగూ ఉంది.

మీ శీర్షికకు రెండు విన్నపాలు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, విండోసా లినక్సా అని అడిగి జవాబివ్వండి, ఎందుకంటే ఇలస్ట్రేటర్ కంట్రోల్+క్లిక్‌ను కోరెల్‌డ్రాలో వాడితే కిందిది రాదు, గ్రూపు లోపలి ముక్క వస్తుంది. రెండోది, పాత జవాబు చూసి పై బొమ్మలు జరుపుతున్నవారి కోసం వచ్చే వారం అదే శీర్షికలో సవరణ వేయండి. చోటు తక్కువైతే ఇంత చాలు: కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్, లిబ్రే ఆఫీస్ డ్రాలో ఆల్ట్+క్లిక్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్‌లో కంట్రోల్+క్లిక్, జరపడానికి బాణం కీలు.

- శుభలేఖలు, ఫ్లెక్సీల డిజైన్ పనిలో ఉన్న కొందరు డీటీపీ ఆపరేటర్లు, విజయవాడ